సిపాయి నవ్వు

(ఒక గ్రంథాలయ వార్షికోత్సవ సభయందు గావించిన ఉపన్యాసము)



ఈ యుత్సవమునకు మమ్ము పిలిచినవారు ఉపన్యాస విషయమును మా యిష్టమునకు విడిచినారు. వకీలునకు విషయమును విడిచిపెట్టుట యెంతటి సాహసమో వారు తలపోసినట్లు లేదు. "సిపాయి నవ్వు" అని మేము వ్రాసి పంపగానే, యుద్ధము నవ్వవలసిన విషయమా యని కార్యదర్శిగారు ఫోనులో నడిగిరి. కాదు. యుద్ధము నవ్వవలసిన విషయము కాదు. కాని యుద్ధము చేసివచ్చినవారిలో నవ్వనివారిని మే మింతవఱకు చూడలేదు. యుద్ధమును గూర్చి నవ్వకుండ మాటలాడువారందఱును మావంటి ఉపన్యాసకులే. ఈ సంగతి మాకు తెలియవచ్చిన విధమును ముందుగా మనవి చేసెదము.

కొంతకాలము క్రిందట మా పట్టణమున మాజీ సైనికులకు సన్మానము జరిగినది. గ్రంథాలయోద్యమ సేవకులమన్న గౌరవముచేత మమ్మును వేదిక యెక్కించినారు. మేము ముప్పావుగంట మాటలాడితిమి. అభిమన్యుని తెచ్చితిమి. పలనాటి బాలచంద్రుని తెచ్చితిమి. బొబ్బిలికోటను కట్టి మరల కూల్చితిమి. రక్తము ఏఱులై పాఱినది, కరతాళధ్వనులు మిన్నుముట్టినవి. సభ ముగిసిన పిమ్మట డెబ్బదియైదేండ్లు దాటిన హవల్దారొకరు, మెడలోని పూలదండను మడిచి చేతిసంచిలో పెట్టుకొనుచు మాయొద్దకు వచ్చి నమస్కరించి మెల్లగా నిట్లనిరి:

"బాగా మాట్లాడారండి ప్లీడరుగారూ. మందుగుండు దండిగా ఉంది. ఒక్కటే లోటండి. తమరి సైన్యం పొద్దుటినుంచీ అన్నం తినలేదు."

మేము నవ్వితిమి. ఆయన నవ్వలేదు. అప్పుడు మాకు కొంచెము సిగ్గు కలిగి, ఆయనను కూర్చుండబెట్టి మాటలాడించితిమి. ఆయన 1971వ సంవత్సరపు యుద్ధమున తూర్పు సరిహద్దున పనిచేసినవారు. "యుద్ధం పదమూడు రోజులండి. దానికోసం వానలో ఎన్ని నెలలు నిలబడ్డామో ఎవరూ రాయరు. తూటా తగిలినోళ్లని వేళ్లమీద లెక్కెట్టగలను. కడుపు జారినోళ్లని లెక్కెట్టాలంటే ముందు నా పేరే రాసుకోవాలండి" అనిరి. మే మెన్నో గ్రంథములు చదివి కూడ పొందని జ్ఞానము ఈ నాలుగు ముక్కలలో మాకు లభించినది.

ఇది ఒక్క హవల్దారుగారి చమత్కారమని తలపవలదు. చరిత్ర ఆయన పక్షముననే సాక్ష్యమిచ్చుచున్నది. 1899 మొదలు 1902 వఱకు దక్షిణాఫ్రికాలో జరిగిన బోయరు యుద్ధమున బ్రిటిషు పక్షపు సైనికులు సుమారు 22,000 మంది మరణించిరి. అందు సగమునకు మించినవారిని చంపినది బోయరుల తుపాకి కాదు. సన్నిపాతజ్వరము మొదలగు రోగములు. ఆ యుద్ధముననే గాంధీమహాత్ముడు సుమారు 1,100 మంది భారతీయులను సమకూర్చి, గాయపడినవారిని డోలీలపై మోయించెను. మోసినవారికి తెలియును, యుద్ధము బరువెంతో. కీర్తిగానము చేసినవారికి దాని చప్పుడు మాత్రమే తెలియును.

సైనిక జీవనమున పోరాటము స్వల్పము. మిగిలినదంతయు నిరీక్షణము, నడక, బురద, పేలు, ఎలుకలు, తడిసిన మేజోళ్లు, చల్లారిన తిండి, నిన్నటి యుత్తరువును రద్దుచేయు నేటి యుత్తరువు. శత్రువు అప్పుడప్పుడు వచ్చును. పేలు నిత్యము నుండును. ఈ జీవనమున మనుష్యునకు రెండే దారులు కలవు. ఒకటి మతిచెడుట, రెండవది నవ్వుట. అధిక సంఖ్యాకులు రెండవదానిని ఎన్నుకొన్నారు. వారెట్లు నవ్విరో కొన్ని నిదర్శనములు చూతము.

మొదటి ప్రపంచ సంగ్రామమున బెల్జియము దేశమందలి ఈప్రు పట్టణము గుండ్లవానలో శిథిలమైపోయినది. ఆ పేరు నోరు తిరుగని ఆంగ్ల సిపాయిలు దానిని "వైపర్సు" అనిరి. 1916వ సంవత్సరారంభమున అచ్చటి శిథిలములలో ఒక అచ్చుయంత్రము షెర్వుడ్ ఫారెస్టర్సు పటాలమువారి కంటబడెను. కెప్టెను ఫ్రెడ్ రాబర్ట్సు, లెఫ్టెనెంటు జాక్ పియర్సను అనువారు దానిని బాగుచేయించి, పటాలములో పూర్వము అచ్చుపని చేసిన సార్జెంటు నొకని పట్టి, "వైపర్సు టైమ్సు" అను పత్రికను వెలువరించిరి. తొలి సంచిక 1916 ఫిబ్రవరి 12వ తేదీన వచ్చినది. పత్రిక నడుపుటలోని కష్టములు ఈ సభలో కొందఱికి తెలియును. చందాలు రావు, కాగితము దొరకదు, అక్షరములు చాలవు. వీరికి ఈ కష్టములకు తోడు కార్యాలయముపై గుండ్లు కూడ పడుచుండెడివి. అయినను స్థలము మాఱినపుడెల్ల పేరు మార్చుకొనుచు, సంధి కుదిరిన 1918వ సంవత్సరాంతమువఱకు ఆ పత్రిక సాగినది.

ఆ పత్రికలోని ప్రకటనలు చదువదగినవి. వేలమంది ప్రాణములు గోల్పోయిన "60వ నంబరు గుట్ట"ను, గాలివెలుతురులు గల మంచి యిండ్ల స్థలముగా వర్ణించి అమ్మకమునకు పెట్టిరి. శత్రువు ప్రయోగించు అగ్నిజ్వాలల యంత్రమును నాటకశాలలోని వినోదముగా ప్రకటించిరి. 1916 జూలై 1వ తేదీన సోము నదీప్రాంతమున మహాదాడి ఆరంభమాయెను. ఆ యొక్క దినముననే బ్రిటిషు సైనికులు 19,000 మందికి పైగా మరణించిరి. ఆ నెల తుదిని ఈ పత్రికలో ఒక వైద్య ప్రకటన వచ్చినది. అందు చెప్పిన వ్యాధి పేరు ఆశావాదము. ఉదయము లేవగానే అంతయు సవ్యముగా నున్నదని మీకు తోచుచున్నదా, యుద్ధము ఏడాదిలో ముగియునని నమ్ముచున్నారా యని రోగలక్షణముల నడిగి, అట్టివారికి కందకములలో కొలదిదినములలోనే నివారణము చేసెదమని అభయమిచ్చిరి. పందొమ్మిదివేల శవముల ప్రక్కన కూర్చుండి వ్రాసిన ప్రకటన యిది. దీనిని చదివి నవ్వు రానివాడు లేడు. నవ్విన పిమ్మట గొంతులో ముల్లు గ్రుచ్చుకొననివాడును లేడు.

ఆ పత్రిక శత్రువును వెక్కిరించినదానికన్న పత్రికా విలేఖరులను వెక్కిరించినది ఎక్కువయని మాకు తోచుచున్నది. లండనునగర దినపత్రికలకు యుద్ధవార్తలు పంపుచుండిన బీచ్ థామసు, యుద్ధపండితుడుగా పేరొందిన హిలేర్ బెలాకు అనువారి పేర్లలోని మొదటి యక్షరములను తారుమారు చేసి, వారి ధోరణిలోనే వ్యాసములు వ్రాసి నవ్వించిరి. సుఖముగా కూర్చుండి విజయములు వ్రాయువారిని చూచినపుడు సిపాయికి కలుగు కసి అందు కనబడును. ఈ యుపన్యాసమును ప్రకటింపబూనిన పత్రికవారు ఈ భాగమును కొట్టివేయరని నమ్ముచున్నాము.

రెండవ నిదర్శనము. బ్రూసు బేర్న్సు ఫాదరు అను నధికారి 1915వ సంవత్సరమున ఈప్రు యుద్ధమున గాయపడి ఆసుపత్రి పాలయ్యెను. ఆ యేటనే ఆయన వ్రాసిన బొమ్మ యొకటి ప్రసిద్ధమైనది. గుండు పడి యేర్పడిన గోతిలో ఇద్దఱు సిపాయిలు గొంతువఱకు దాగియున్నారు. నలుదిక్కుల గుండ్లు పేలుచున్నవి. ఒకడు గొణుగుచున్నాడు, మీసముల ముసలిసిపాయి, ఇంతకంటె మంచి గొయ్యి తెలిసినచో నీవక్కడికే పొమ్మని వానికి చెప్పుచున్నాడు. బొమ్మలో నున్నదింతే. ఉద్యోగాన్వేషణమందును, అద్దె యిండ్లయందును, వకీలు వృత్తియందును ఈ తత్త్వమునకు మించిన తత్త్వము మాకు దొరకలేదు. సిపాయిని ఇట్లు మురికిగా చూపుట మర్యాద కాదని తొలుత కొందఱు పెద్దలు ముక్కు విఱిచిరి. ఆ బొమ్మలు చూచి సైన్యము నవ్వుచున్నదని తెలియగానే యుద్ధశాఖవారు ఆయనను చిత్రకారునిగా నియోగించి, మిత్రరాజ్యముల సైన్యముల బొమ్మలు కూడ వ్రాయించిరి. ప్రభుత్వములకు హాస్యమన్న భయము; ఆ హాస్యము జీతమునకు కుదిరినచో భయము లేదు.

మూడవది రెండవ ప్రపంచ సంగ్రామ కాలమునాటిది. అమెరికా సైన్యమున బిల్ మాల్డిను అను యువకుడు విల్లీ, జో అను ఇద్దఱు కాల్బలము సిపాయిల బొమ్మలు సైనికుల పత్రికలో వ్రాయుచుండెను. గడ్డము మాసి, కన్నులు గుంటలుపడి, బట్టలు చినిగి, వీరు శత్రువుకన్న వానతోను, చలితోను ఎక్కువగా పోరాడుచుందురు. ఒక బొమ్మలో పాతకాలపు అశ్విక దళమునకు చెందిన సార్జెంటు ఇరుసు విఱిగిన తన జీపును, కాలు విఱిగిన గుఱ్ఱమును చంపినట్లు, ముఖము త్రిప్పుకొని కన్నులు మూసికొని పిస్తోలుతో కాల్చుచుండును. సేనాని పాటనుకు ఈ బొమ్మలు కిట్టలేదు. సిపాయి నున్నగా క్షౌరము చేసికొని, మెడపట్టీ కట్టుకొని యుద్ధము చేయవలెనని ఆయన మతము. 1945వ సంవత్సరారంభమున మాల్డినును పిలిపించి గట్టిగా చీవాట్లు పెట్టెను. మాల్డిను విని, వందనము చేసి, మరలివచ్చి, మునుపటివలెనే గడ్డములు వ్రాసెను. సర్వసేనాని ఐసెన్ హోవరు కార్యాలయమువారు ఆ పత్రికజోలికి పోవలదనిరి. ఆ సంవత్సరముననే మాల్డినునకు పులిట్జరు బహుమానము వచ్చినది; అప్పటికి ఆయనకు 23 ఏండ్లు. తమ గడ్డములను ఉన్నవున్నట్లు చూచినవా డొక్కడైన నున్నాడని సిపాయిలకు తోచుటయే ఆ బొమ్మల బలము.

ఇంతవఱకు చెప్పినవారికి అచ్చుయంత్రమున్నది, పత్రికయున్నది, భాషయున్నది. ఇవి లేని సిపాయి యెట్లు నవ్వెను? ఇక మనవారి సంగతికి వచ్చెదము.

మొదటి సంగ్రామమున పది లక్షలకు పైగా భారతీయులు సముద్రములు దాటి పనిచేసిరి. సుమారు 74,000 మంది తిరిగిరాలేదు. 1914వ సంవత్సరపు శరత్తున లాహోరు, మీరటు డివిజనులవారు మార్సేలు రేవున దిగి, ఆ చలికాలమున ఫ్రాన్సు, బెల్జియములలోని కందకములలో నిలిచిరి. వారు వ్రాసిన ఉత్తరములను పరిశీలించి అభ్యంతరకరమైన వానిని ఆపుటకు ప్రత్యేకముగా ఒక కార్యాలయ మేర్పడినది. ఉత్తరము చేరవలెను, పరిశీలకునికి తెలియరాదు. అందుచేత మన సిపాయి వంటింటి భాషను ఆశ్రయించెను. నల్లమిరియములు, ఎఱ్ఱమిరపకాయలు అని వ్రాసెను. నల్లనివనగా భారత సైనికులు, ఎఱ్ఱనివనగా తెల్లసైనికులు. ఏది యెంత ఖర్చగుచున్నదో, ఏది దాచబడుచున్నదో పచారీకొట్టు చిట్టావలె ఇంటికి తెలియజేసెను. తమ్ముడు పటాలమున చేరవలెనా మానవలెనా యనునది ఆ మిరియముల లెక్కనుబట్టి ఇంటివారు గ్రహింపవలెను. పరిశీలకులకు ఈ పరిభాష అర్థమై వారి నివేదికలలోని కెక్కినది. అవి లండనులో భద్రముగా నున్నందువలననే మనకీనాడు తెలిసినది. రహస్యమును కనిపెట్టినవాడే దానిని మనకు దాచియుంచెను. విధి చేసిన చమత్కారములలో ఇది యొకటి.

ఆ యుత్తరములు వ్రాసినవారిలో ఎక్కువమంది పంజాబు, గఢ్వాలు మొదలగు ఉత్తరదేశములవారు. అట్లని ఆంధ్రులకు ఈ కథతో సంబంధము లేదని యనుకొనరాదు. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెమునకు సమీపముననున్న మాధవరమును జనులు "మిలటరీ మాధవరము" అందురు. ప్రపంచ సంగ్రామములు మొదలుకొని తరతరములుగా ఆ గ్రామపు యువకులు సైన్యమున చేరుచున్నారు. అట్టి గ్రామపు అరుగులపై కూర్చుండి వినినచో ఇంకను అచ్చుపడని వైపర్సు టైమ్సు సంచికలు ఎన్ని వినబడునో!

ఇక వకీలు వృత్తి ననుసరించి ఒక ప్రశ్న వేయుచున్నాము. ఈ హాస్యమును సాక్ష్యముగా స్వీకరింపవచ్చునా? నవ్వుచు చెప్పినమాట నమ్మదగదని ప్రతివాది వకీలు వాదింపవచ్చును. కాని చనిపోయినవాడు తన మరణకారణమును గూర్చి చెప్పియున్న మాటను న్యాయస్థానము సాక్ష్యముగా గైకొనును. దానినే మనము మరణవాఙ్మూలమందుము. మృత్యుముఖమున నున్నవాడు అబద్ధమాడడని దాని వెనుకనున్న పురాతన విశ్వాసము. సిపాయి హాస్యము నవ్వుచు చెప్పిన మరణవాఙ్మూలమని మా యభిప్రాయము. సేనానుల జ్ఞాపకగ్రంథములలో కొఱత దాగును. సిపాయి పరిహాసములో దాగదు. తిండి చెడినచో అన్నముపై పరిహాసము వచ్చును. ఉత్తరువు అవివేకమైనచో ఉత్తరువుపై వచ్చును. ఈ నాడిని చూడనేర్చిన ప్రభుత్వమునకు విచారణ సంఘముల ఖర్చు చాలవఱకు తగ్గును.

అయితే ఒక హెచ్చరిక. సిపాయి నవ్వు వేఱు, ఆ నవ్వును చూచి మనము నవ్వు నవ్వు వేఱు. మొదటిది బరువు మోయువాడు భుజము మార్చుకొనుట. రెండవది, వాడు నవ్వుచున్నాడు గావున బరువు లేదని మనము తీర్మానించుట. ఈ తీర్మానము చాల చౌక. దానికి పన్ను లేదు, చందా లేదు.

ఈ తప్పు మేమును చేసితిమి. 1984వ సంవత్సరము మొదలు మన సైనికులు సియాచిను మంచుదిబ్బలపై కాపున్నారు. ఆ పేరునకు స్థానిక భాషలో గులాబీలుండు చోటని అర్థమందురు. పేరు పెట్టినవాడును ఒక విధమున సిపాయి హాస్యము తెలిసినవాడే. 2019వ సంవత్సరము జూన్ నెలలో అచ్చటి జవానుల చలనచిత్ర మొకటి దేశమంతట వ్యాపించినది. పండ్లరసము ఇటుకవలె గడ్డకట్టినది. కోడిగ్రుడ్డును సుత్తితో కొట్టినను పగులదు. బంగాళాదుంప, ఉల్లిపాయ, అల్లము అన్నియు రాళ్లే. జవానులు నవ్వుచు చూపిరి. మేమును నవ్వితిమి, నలుగురికి పంపితిమి, ఆ పూట దేశసేవ ముగిసినదని కాఫీ త్రాగితిమి.

అంతకు మూడేండ్లు ముందు, 2016 ఫిబ్రవరి 3వ తేదీన, అదే మంచు సుమారు 19,600 అడుగుల యెత్తున మద్రాసు రెజిమెంటు సైనికులు పదిమందిని కప్పివేసినది. ఆఱు దినముల పిమ్మట మంచులోనుండి లాన్సు నాయకు హనుమంతప్ప కొప్పదను ప్రాణముతో వెలికితీసిరి. కొలది దినములకే ఢిల్లీ ఆసుపత్రిలో ఆయనయు మరణించెను. ఆ పదిమందిలో మన కర్నూలు జిల్లావా డొకడు. అచ్చట శత్రువు తూటాకన్న మంచును, చలియు, గాలిలేమియు ఎక్కువమందిని బలిగొన్నవి. గ్రుడ్డుపై సుత్తిదెబ్బను చూచి నవ్విన మాకు ఆ పదిమంది జ్ఞప్తికి రాలేదు. ఆ జవానులకు రాకుండ నుండునా? వారు జ్ఞప్తి యుండియే నవ్విరి. మేము మఱచి నవ్వితిమి. రెండు నవ్వులకును గల భేదమిదియే.

మరల మన హవల్దారుగారి యొద్దకు పోవుదము. ఆయన మాకు మిత్రులైన తరువాత ఒకనాడు కాగితముల మూట పట్టుకొని మా యింటికి వచ్చిరి. ఫించనుదారులు తాము బ్రతికియున్నట్లు ఏటేట ధ్రువపత్రము దాఖలు చేయవలెనుగదా. ఆ యేడు ఆయన పత్రము ఎచ్చటనో దారితప్పినది. ఫించను నిలిచిపోయినది. మూడు నెలలు తిరిగిరి. చేతికఱ్ఱతో ఎదుట నిలిచిన మనుష్యుని చూచి, కాగితము రానిదే తాము చేయగలదేమియు లేదని సమాధానము వచ్చినది. ఆయన మా బల్లయెదుట కూర్చుండి ఇట్లనిరి:

"శత్రువు ఎంత కష్టపడ్డా నన్ను చచ్చినోళ్ల జాబితాలో ఎక్కించలేకపోయాడండి. మనవాళ్లు తుపాకీ ముట్టుకోకుండానే ఎక్కించేశారు."

ఈసారి మేము నవ్వలేదు. ఆయనయే నవ్విరి. పిమ్మట రెండు దరఖాస్తులును, నాలుగు ప్రయాణములును అయిన తరువాత ఫించను తిరిగివచ్చినది. బకాయి అందిననాడు అరటిపండ్లు తెచ్చి, "సర్కారు లెక్కలో మళ్లీ పుట్టానండి. బారసాలకి రండి" అని మమ్ము పిలిచిరి.

సోదరులారా, మేము ఉపన్యాసముతోనే పోవువారము కాము. ఒక్క కోరిక కలదు. ఈ గ్రంథాలయమున నెలకొక సాయంకాలమును మాజీ సైనికులకును, సైనికుల వితంతువులకును కేటాయింపుడు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, కాగితము, కలము, దరఖాస్తు వ్రాయగల ఇద్దఱు యువకులు చాలును. న్యాయసలహాకు మేము వచ్చెదము; ఫీజు లేదు. పని ముగిసిన పిమ్మట వారిని మాటలాడనిండు, మీరు వినుడు. వారు చెప్పిన పరిహాసములను ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. ఈ బీరువాలలోని యుద్ధచరిత్రల ప్రక్కన దానిని పెట్టినచో, చరిత్రలలో లేనిది అందులో దొరకును.

 వంటవారు మనకై వేచియున్నారని కార్యదర్శిగారు సైగ చేయుచున్నారు. ఈసారి మా సైన్యమునకు అన్నము పెట్టకుండ పంపినామన్న యపవాదు రాకుండ ఇంతటితో విరమించుచున్నాము. సెలవు.